పావంగుళం

వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఛాతీ ముప్పై ఎనిమిది అంగుళాలు కనుక ముప్పయ్యెనిమిది అనేవారు. "ముప్పయ్యెనిమిదీ, ఇస్త్రీ పెట్టె వేడెక్కిందా?" "ముప్పయ్యెనిమిది ఇంకా అన్నం తినలేదు, వదలండయ్యా వాణ్ణి." నేను చేరిన రోజున "ఈ కోటు ముప్పయ్యెనిమిదికి ఇచ్చి రా" అంటే అదేదో గది నంబరనుకుని మూడంతస్తుల తలుపులూ చూసి కోటుతోనే తిరిగొచ్చాను. ఆ నవ్వు పదిహేను రోజులు నడిచింది. అందరికంటే తక్కువ నవ్వింది వాడే.

"నేనూ ఒకరకంగా గదినేలే," అన్నాడు. "రోజుకో కోటు వచ్చి ఉండి వెళ్తుంది."

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. వాడు నాకంటే ఐదు నెలలు పెద్ద. బట్టల డిజైన్ నేర్పే కాలేజీలో రెండో ఏడాది చదువుతుండగా ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అని నన్ను పరాయి దేశంలో ఉన్న ఆ కోట్ల కంపెనీకి పంపారు. కాలేజీ గోడ మీద నా ఫోటో అంటించారు. నిజానికి ఆ చోటు దొరికింది మా మేనత్త వల్ల. ఆవిడ అక్కడ పందొమ్మిదేళ్ళుగా కాజాలు కుడుతోంది. ఆ సంగతి కాలేజీవాళ్ళకి తెలియదు, ప్రతిభ అనుకున్నారు. తీరా వెళ్ళాక నా ప్రతిభకు వాళ్ళిచ్చిన పని నేల మీద రాలిన గుండుసూదుల్ని అయస్కాంతంతో ఏరడం. ఫ్యాషన్ అన్న మాట ఎక్కడ వినబడినా నాకు ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది ఎర్ర రంగు ఊడిపోయిన ఆ అయస్కాంతమే.

కింద అద్దాల షాపు. అందులోకి మేము అడుగు పెట్టకూడదు. దానిపైన కటింగ్ గది, ఆ పైన కుట్టు గది, వెనకవైపు ఇస్త్రీ గది. కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ, దాని మీద ఒక నీళ్ళ గొట్టం, అంతే. పనివాళ్ళలో సగం మంది మనవాళ్ళే. ఒకరి మాట మీద ఒకరు వచ్చి చేరినవాళ్ళు. అందరికీ పెద్ద కటింగ్ మాస్టారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. స్నానానికి కూడా తీయడేమో అని అత్త అనేది.

అక్కడి పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఏడాదికి రెండుసార్లు పదకొండు కొత్త కోట్లు తయారయ్యేవి. మొదట కోరా గుడ్డతో కచ్చాగా కుట్టి, ఒక మనిషికి తొడిగి, ఎక్కడ ముడత పడిందో ఎక్కడ బిగిసిందో చూసి, గుండుసూదులతో సర్ది, ప్యాటర్న్ కాగితాలు దిద్దుకుని, వాటి ప్రకారం అప్పుడు అసలు గుడ్డ కోసేవారు. ఆ మనిషి ఒళ్ళు కంపెనీ లెక్కకి సరిగ్గా ఉండాలి. ఛాతీ ముప్పై ఎనిమిది, చేయి ఇరవై నాలుగున్నర. పూర్వం బయటనుంచి మోడళ్ళని పిలిచేవారట. ఒకరోజు మాస్టారు సరదాకి ఇస్త్రీ చేసే కుర్రాడి కొలతలు తీస్తే ఒక్క అంకె కూడా తేడా లేదు. అప్పటినుంచి వాడు పొద్దున మూడు గంటలు చెక్కపెట్టె మీద నిలబడేవాడు, మధ్యాహ్నం నుంచి ఆవిరిలో ఉండేవాడు.

బొమ్మ గీసినవాడి పేరు పత్రికల్లో వస్తుంది. కోటు ఏ ఒంటి మీద పుట్టిందో ఎవరూ అడగరు.

మూడో వారం నుంచి నాకు పని మారింది. కోరా గుడ్డని వాడి ఒంటి మీద సర్ది గుండుసూదులు గుచ్చడం, ప్రతి సోమవారం వాడి కొలతలు తీసి పుస్తకంలో రాయడం. నా చేతిరాత బాగుందని మాస్టారు ఇచ్చారు.

"చూడు నాయనా," అని కూర్చోబెట్టి చెప్పారు. "మనిషి ఒళ్ళు గోడ కాదు. పావంగుళం అటూ ఇటూ అయితే నాకు చెప్పు, ప్యాటర్న్‌లో నేను సర్దుకుంటా. అరంగుళం మారిందా, ఇక మనిషినే మార్చాలి. వీడింకా ఎదిగే వయసులో ఉన్నాడు, కన్నేసి ఉంచు."

"నేనెదగను మాస్టారూ," అన్నాడు పెట్టె మీద నుంచి వాడు. "ఎదగొద్దని మా అమ్మమ్మ చేత చెప్పించుకుంటా."

"నోరు కూడా కదపకు. ఛాతీ మారుతోంది."

గుండుసూదులు గుచ్చేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు కనుక సూదుల్ని పెదాల మధ్య పట్టుకోవాలి. ఏడో ఎనిమిదో ఉంటాయి ఎప్పుడూ. అందుచేత మా ఇద్దరిలో ఒకడు కదలకూడదు, ఒకడు మాట్లాడకూడదు. మాట్లాడేది వాడే. పెదాలు మాత్రం ఆడిస్తూ, ఛాతీ కదలకుండా, గుసగుసగా మాట్లాడ్డం నేర్చుకున్నాడు. నేను ఊఁ అనేవాణ్ణి. ఊఁ అనడంలో నాలుగు రకాలున్నాయని నాకు అక్కడే తెలిసింది.

వాడి కథ నాకు అలా ముక్కలుగా, భుజం దగ్గర కొంత, నడుము దగ్గర కొంత వచ్చింది. వాడికి ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. వీణ్ణి చూసుకోవడానికి అమ్మమ్మ వచ్చింది. ఆవిడకి అక్కడి భాష రాదు, నేర్చుకోనూలేదు. పదమూడేళ్ళుగా ఆవిడ మాట్లాడింది వీడొక్కడితోనే. తండ్రి మాట వాడు ఎత్తలేదు. నేనడగలేదు. అడగడానికి నా నోరు ఖాళీ లేదు.

తెలుగంతా అమ్మమ్మ దగ్గరే నేర్చుకోవడంతో వాడి నోట ముసలి మాటలు వచ్చేవి. జలుబు చేస్తే "ఒంట్లో నలతగా ఉందోయ్" అనేవాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు "మరి నాకు సెలవా?" అనేవాడు. కుట్టు గదిలో ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. "వచ్చాడమ్మా డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి, కుర్చీ వెయ్యండి" అనేది మా అత్త.

ఒకసారి అడక్కుండానే చెప్పాడు. "ఇస్త్రీ గదిలో ఉన్నంతసేపూ నేనెవరికీ కనబడను, ఆవిరి కదా. ఈ పెట్టె మీద మూడు గంటలూ అందరూ నన్నే చూస్తారు. చూసేది కోటునేలే. అయినా లోపలున్నది నేనే కదా."

నేను ఊఁ అన్నాను. నాలుగు రకాల్లో ఏదో నాకే తెలియలేదు.

నేనుండేది అత్త ఇంట్లో. రెండు గదులు. రోజంతా కాజాలు కుట్టిన కళ్ళతో ఆవిడ ఇంటికి రాగానే దీపం కూడా పెద్దది వెయ్యనిచ్చేది కాదు. మాట కరువు కాదు గానీ, ఓపిక కరువు. ఆదివారాలు నేను వీధులు పట్టుకుని తిరిగేవాణ్ణి. దించేసిన షట్టర్లు, మూసిన దుకాణాల్లో తల లేని బొమ్మలు, బట్టలుతికే షాపులో ఎదురుగా మనిషి లేకుండా తిరుగుతున్న యంత్రం. దాని ముందు బెంచీ మీద కూర్చుని ఎవరివో దుప్పట్లు ఉతకడం పూర్తయ్యేదాకా చూసిన ఆదివారం కూడా ఉంది. పాత పుస్తకాలు అమ్మే చోట అర్థమైనా కాకపోయినా ఒకటి కొనుక్కుని చదివేవాణ్ణి. పుస్తకాల్లో జనం ఒకరితో ఒకరు ఎంత తేలిగ్గా మాట్లాడేసుకుంటారో అని ఒళ్ళు మండేది.

చలి ముదిరాక వాడొక అలవాటు పెట్టుకున్నాడు. సాయంత్రం నేను బయల్దేరే ముందు నా మఫ్లర్ తీసుకుని, తడిబట్ట వేసి, ఇస్త్రీ పెట్టె కింద ఒక్క నిమిషం ఉంచి ఇచ్చేవాడు. మెడకి చుట్టుకుంటే ఆ వేడి బస్ స్టాపు దాకా ఉండేది. ఒకరోజు అటు వెళ్తూ అత్త చూసింది.

"మా మఫ్లర్లకి మడతలు పడవా ఏంటి నాయనా? మాకు చెయ్యవే?"

"మీకు మేనల్లుడున్నాడు కదండీ, వేడి చెయ్యడానికి," అన్నాడు వాడు.

"వీడా! వీడు వేడి చేస్తే మఫ్లర్ కాలిపోతుంది. ఎప్పుడు చూడు, లోకం మీద కోపం." అత్త నవ్వుకుంటూ వెళ్ళింది. నేను కిందకి చూస్తూ బూట్ల తాళ్ళు మళ్ళీ కట్టుకున్నాను.

తొమ్మిదో వారంలో ఒక గురువారం పొద్దున. కాలరు దగ్గర సర్దుతున్నాను. కాలరు సర్దాలంటే ముఖంలో ముఖం పెట్టాలి. నా పెదాల మధ్య ఏడు సూదులున్నాయి. మాస్టారు పక్క గదిలో గుడ్డ పరుస్తున్నారు. వాడు పైకప్పుని చూస్తూ, ఛాతీ కదలకుండా, మామూలు కబురు చెప్పినట్టు అన్నాడు:

"నీ మీద నాకు మనసుందోయ్."

అమ్మమ్మ మాటే. ఏ కాలపు పెళ్ళిచూపుల్లోనో ఎవరో అన్న మాట. నాకు నవ్వూ వచ్చింది, గుండె దడా వచ్చింది. ఏడు సూదులుంటే నవ్వకూడదు, మింగేస్తాం. ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండులో గుచ్చడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. వాడు కిందికి చూడకుండా ఎదురుచూస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఐదు. ఆరు. ఏడోది తీసేసరికి మాస్టారు కత్తెర పట్టుకుని లోపలికి వచ్చారు.

"ఏరా, కాలరు కూర్చుందా?"

"కూర్చుంది మాస్టారూ," అన్నాను.

ఆ తర్వాత నేను చెప్పి ఉండవచ్చు. మెట్ల మీద, ఇస్త్రీ గదిలో, బస్ స్టాపులో, చోట్లు లేక కాదు. చెప్పబోయినప్పుడల్లా సూదులు ఇంకా అక్కడే ఉన్నట్టుండేది. వాడు మళ్ళీ అడగలేదు. మఫ్లర్ మాత్రం రోజూ వేడిగా వచ్చేది. మధ్యాహ్నం మెట్ల మీద పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళం, మోకాళ్ళు తగిలేవి, ఇద్దరం జరిగేవాళ్ళం కాదు. నా జీవితంలో నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా సంతోషంగా ఉన్నది ఆ రెండు వారాలే అనుకుంటాను.

పదకొండో సోమవారం వాడి చెయ్యి కొలిచాను. భుజం ఎముక మీద టేపు అంచు పెట్టి, మోచేతి మీదుగా మణికట్టు దాకా. టేపు ఇరవై నాలుగు ముప్పావు చూపించింది. మళ్ళీ కొలిచాను. ముప్పావే.

పావంగుళం. మాస్టారు సర్దుకుంటానన్న పావంగుళమే అది. రాసేస్తే ఏమయ్యేది కాదు. కానీ నేను ముందుకి లెక్కేశాను. ఇవాళ పావు అంటే ఇంకో నాలుగు వారాలకి అర. అర అంటే ఇంకో మనిషి. ఈ పెట్టె మీద వాడి బదులు ఎవరో. అసలీ పావే పుస్తకంలో పడకపోతే ఆ తర్వాతి పావుకి కూడా చోటుంటుంది కదా అనుకున్నాను. వాడికివ్వాల్సిన జవాబు కూడా ఇదేనని ఎందుకో అనిపించింది. నోటితో అనలేనిది పెన్నుతో అన్నట్టు. ఇరవై నాలుగున్నర అని అందంగా రాశాను.

వాడు నా వంక చూశాడు. "ఎంతుంది?"

"ఎంతుండాలో అంతే ఉంది."

వాడి ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి, మంచి పని చేశాననుకున్నాను.

ఆ వారంలోనే ఫిట్టింగులు. కోరా కోటు తొడిగితే చేతులు పొట్టిగా వచ్చాయి. మాస్టారు మణికట్టు దగ్గర వేలు పెట్టి చూసి, తల గోక్కుని, "పుస్తకం తే" అన్నారు. తెచ్చాను. పుస్తకంలో మనిషి మారలేదు. మనిషి మారకపోతే మారింది గుడ్డే అయ్యుండాలి.

"ఒరేయ్, ముక్కలకి ఆవిరి ఎక్కువ పట్టావా? ముడుచుకుపోయింది చూడు."

ముక్కల్ని ఇస్త్రీ చేసేదీ వాడే కదా. వాడు తన మణికట్టు వంక చూసుకుని, "పట్టానేమోనండీ" అన్నాడు.

"ఏమో ఏంటిరా ఏమో? గుడ్డతో ఏమోలు పనికిరావు." మాస్టారు వాణ్ణి అందరి ముందూ కడిగేశారు. వాడు పెట్టె మీద కదలకుండా తిట్లు పడ్డాడు. నేను అయస్కాంతం పట్టుకుని నేల మీద వెతుకుతున్నాను. అక్కడ సూదులేం లేవు.

మాస్టారు ప్యాటర్న్‌లో చేతులు అరంగుళం పెంచారు. పదకొండు కోట్లూ దాని ప్రకారమే కోశారు. ఖరీదైన ఉన్ని, మళ్ళీ తెప్పించడానికి రెండు నెలలు పడుతుంది. మా అత్త మణికట్టుకి నాలుగేసి కాజాలు చేత్తో కుట్టింది. పదకొండు కోట్లు, ఇరవై రెండు చేతులు, ఎనభై ఎనిమిది కాజాలు. కంటిలో మందు వేసుకుంటూ కుట్టింది.

కొనేవాళ్ళకి చూపించడానికి రెండు రోజుల ముందు బయటనుంచి మోడల్ వచ్చాడు. పుస్తకంలో ఉన్న కొలతలు అంగుళం పొల్లుపోకుండా ఉన్న మనిషి. మొదటి కోటు తొడిగారు. చేతులు మణికట్టు దాటి అరచేతి మీదికి వచ్చాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కంపెనీ యజమానురాలు వచ్చి చూసింది. ఆవిడ అరిచే మనిషి కాదు. మోడల్ చేతిని పైకెత్తి, కోటు అంచు పట్టుకుని, "వీటిని ఎవరి కోసం కుట్టారు?" అని అడిగింది.

ఆ గదిలో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. అదీ పొరపాటే.

మాస్టారు వాణ్ణి పిలిచి పెట్టె మీద నిలబెట్టారు. మెడలోంచి టేపు తీశారు. వాడి రెండు భుజాల మీద చేతులేసి గట్టిగా కిందికి అదిమి, అప్పుడు కొలిచారు. ఇరవై అయిదు.

కుట్టు మిషన్లన్నీ ఆగిపోయాయి. "పుస్తకంలో ఇరవై నాలుగున్నరుంది," అన్నారు మాస్టారు. ఎవరు రాశారని ఆయన అడగక్కర్లేదు. ఆ చేతిరాత అందరికీ తెలుసు.

వాడే మాట్లాడాడు. "తప్పు నాదండీ. సోమవారం సోమవారం భుజం పైకి లాక్కుని నిలబడ్డాను. పావంగుళం దాచాను. తీసేస్తారని భయమేసింది."

"కావాలనే?"

"కావాలనేనండీ. ఇక్కడినుంచి పోవడం ఇష్టం లేక."

మాస్టారు టేపు మడుస్తూ లెక్క కట్టారు. "పావు నువ్వు దాచావు. మరి రెండో పావు ఎక్కడికి పోయింది?"

అందరూ నా వంక చూశారు. అత్త సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగి ఉంది. వాడు కూడా చూశాడు. వాడి కళ్ళలో భయం లేదు, అదేదో వింత సంతోషం. రెండో పావు ఎక్కడికి పోయిందో వాడికి అప్పుడే అర్థమైంది. "నేనూ కావాలనే" అనాలి. రెండే మాటలు. ఎందుకు అని అడుగుతారు. దానికి కూడా వాడప్పుడే జవాబు చెప్పి పెట్టాడు. ఇష్టం లేక అని అనేసి, నాకు చోటు వదిలిపెట్టాడు.

"టేపు సరిగ్గా చూడలేదు మాస్టారూ," అన్నాను.

వాడి కళ్ళలో దీపం తగ్గించినట్టయింది. తల తిప్పి కిటికీ అవతల గోడ మీది నీళ్ళ గొట్టాన్ని చూశాడు.

"ఇద్దరిలో ఒక్కడు సరిగ్గా ఉన్నా బాగుండేది," అన్నారు మాస్టారు, కోపం కంటే అలసట ఎక్కువగా. "వీడు నిటారుగా నిలబడితే పావు తేడాతో గట్టెక్కేవాళ్ళం. నువ్వు కనబడ్డది రాసినా గట్టెక్కేవాళ్ళం. పావంగుళం నేను సర్దేవాణ్ణిరా. వీడూ ఇక్కడే ఉండేవాడు. ఇద్దరూ కలిసి చేశారు."

ఇద్దరూ కలిసి చేశారు. మా గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే. ఆయనకి తెలియకుండా అన్నారు.

మణికట్టు దగ్గర కాజాలు పడిన చేతిని కిందనుంచి పొట్టి చెయ్యలేం. భుజం దగ్గర కుట్లు విప్పి, మొత్తం చేతిని ఊడదీసి, పైన కత్తిరించి మళ్ళీ ఎక్కించాలి. రెండు రోజులు ఇరవై రెండు చేతులు ఊడదీసి ఎక్కించారు అందరూ. నేను అత్త పక్కన కూర్చుని కుట్లు విప్పాను. ఆవిడ ఒక చేతిని ఎక్కించడం పూర్తిచేసింది. తర్వాత దారం పళ్ళతో తెంపి, నా వంక చూడకుండా అంది:

"నా కళ్ళకేం గానీ, ఆ పిల్లాడితో ఒక్క మాటన్నా అన్నావా?"

"ఏమనాలత్తా?"

"నన్నడుగుతావేంటిరా. రాసినవాడివి నువ్వు. నీ చేతిరాతలో తప్పులుండవని నాకు తెలియదూ?"

వాణ్ణి పొమ్మని ఎవరూ అనలేదు. పెట్టె మీద నిలబెట్టడం మానేశారు, అంతే. వారం తిరిగేలోగా పార్శిల్‌లో ఒక బొమ్మ దిగింది. గుడ్డ చర్మం, ఇనుప కాలు, తల లేదు. ఛాతీ ముప్పై ఎనిమిది, ఎదగదు. కుట్టు గదివాళ్ళు రెండు రోజుల్లోనే దాన్ని ముప్పయ్యెనిమిది అనడం మొదలుపెట్టారు. "ముప్పయ్యెనిమిదిని కాస్త కిటికీ దగ్గరికి జరుపు" అంటే ఇస్త్రీ గదిలో వాడి చెయ్యి ఆగడం నేను చూశాను. ఆ శనివారం నుంచి వాడు రాలేదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట చేరాడని ఎవరో చెప్పారు. ఇస్త్రీకి కొత్తగా ఒక పెద్దాయన వచ్చాడు. నా మఫ్లర్ పొద్దున ఎలా తెచ్చుకున్నానో సాయంత్రం అలాగే తీసుకెళ్ళేవాణ్ణి.

ఇంకా ఐదు వారాలున్నాయి నాకు. ఆ ఐదు వారాలూ బొమ్మకి గుండుసూదులు గుచ్చాను. పెదాల మధ్య సూదులు పెట్టుకోనక్కర్లేదు, కదలని బొమ్మకి ఒక్క చెయ్యే చాలు గనుక. అయినా పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు నేను స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తున్నాను. కాలేజీ గోడ మీది ఫోటో ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. జూన్ నెల వస్తే తల్లులు పిల్లల్ని లాక్కొచ్చి నిలబెట్టి, "ఎదిగే పిల్లాడు, లోపల కాస్త గుడ్డ వదలండి" అంటారు. రెండంగుళాలు లోపలికి మడిచి కుడతాం. విప్పుకుంటే మరో ఏడాది వస్తుంది. అంత పెద్ద కంపెనీలో, అన్ని కోట్లలో, ఎదుగుదలకని ఎవరూ ఒక్క దారం వదల్లేదు. అలా వదలడం నేను ఎక్కడ నేర్చుకున్నానని మా షాపు ఓనరు అడిగితే చెప్పలేదు. నేర్చుకున్నది ఆ ఐదు వారాల్లోనే.

ఫిట్టింగులు అయిపోయిన కోరా ముక్కలు మూల పడి ఉండేవి. వాటితో మధ్యాహ్నం భోజనం వేళ ఒక జాకెట్ కుట్టాను. కొలతలు రాసుకోలేదు. చెయ్యి ఇరవై అయిదు, లోపల రెండంగుళాల మడత. చివరి వారంలో అత్త దాన్ని తీసుకుని తిరగేసి చూసింది. ఎవరికని అడగలేదు.

"కాజాలు వెయ్యనా?"

"మణికట్టుకి వద్దత్తా. కాజా పడితే ఇక పొడుగు చెయ్యలేం."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మంచిది," అని, ముందువైపు మాత్రం మూడు కాజాలు కుట్టి ఇచ్చింది. అంత అందమైన కాజాలు ఆ పదకొండు కోట్లకీ లేవు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఆ దుప్పట్లు ఉతికే చోటికి వెళ్ళాను. పొడుగాటి గది, తడి దుప్పట్లు వేలాడుతున్నాయి, పెద్ద రోలర్ యంత్రం దడదడలాడుతోంది. వాడు అవతలి చివర దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాడు. చొక్కా చేతులు మణికట్టు పైకి పోయాయి. ఎదుగుతూనే ఉన్నాడన్నమాట. నన్ను చూసి పక్కవాడికి అంచు అందించి వచ్చాడు.

"ఏమోయ్, ప్రయాణమా?"

"సాయంత్రం."

పొట్లం ఇచ్చాను. విప్పి చూశాడు. తొడుక్కున్నాడు. అలవాటుకొద్దీ చేతులు కాస్త ఎడంగా పెట్టి కదలకుండా నిలబడ్డాడు. అలవాటుకొద్దీ నేనూ భుజం దగ్గర సర్దాను. చెయ్యి సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. వాడు అంచు లోపల బొటనవేలు పెట్టి మడత తడిమాడు.

"ఎంత వదిలావు?"

"రెండంగుళాలు."

"అంత ఎదుగుతానా?"

"ఎదిగితే విప్పుకో."

యంత్రం చప్పుడులో దగ్గరగా నిలబడితే తప్ప వినబడదు. దగ్గరగానే నిలబడ్డాం.

"నోట్లో సూదులు లేవుగా ఇప్పుడు," అన్నాడు.

"లేవు." గొంతు సవరించుకున్నాను. "నేనూ కావాలనే రాశాను. టేపు సరిగ్గానే చూశాను. నాకూ... నీ మీద మనసుంది."

వాడు నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఆ గురువారం పొద్దున లాగే. నా చెయ్యి పట్టుకున్నాడు, మణికట్టు దగ్గర, కొలతకి పట్టుకున్నట్టు. చాలాసేపు వదల్లేదు. అప్పుడన్నాడు, నెమ్మదిగా, కోపం లేకుండా:

"ఆ రోజు గదిలో కూడా లేవోయ్ సూదులు."

జవాబు కోసం వాడు ఆగలేదు. నా మెడలోంచి మఫ్లర్ తీసుకుని లోపలికి వెళ్ళాడు. దుప్పట్ల మధ్య కనబడలేదు కాసేపు. తిరిగొచ్చి తనే నా మెడకి చుట్టాడు. అవతలనుంచి ఎవరో వాణ్ణి కేకేశారు, పేరు పెట్టి. అక్కడ వాడికి పేరుంది. ఆ పేరు నాకూ తెలుసు, రాయను. వాడి విషయంలో నేను రాసింది ఒకసారి చాలు.

"మరి నాకు సెలవా?" అన్నాడు.

ఊఁ అన్నాను.

బయట గాలి చల్లగా కొడుతోంది. మఫ్లర్ బాగా వేడిగా ఉంది, ఎప్పటికంటే ఎక్కువసేపు పెట్టె కింద ఉంచి ఉంటాడు. దాన్ని రెండు చేతులతో గొంతుకి అదుముకుని, వేడి పోకుండా తొందర తొందరగా నడిచాను. మొదటి మలుపు దాకా ఉంది. మందుల షాపు దగ్గరా ఉంది. బస్ స్టాపు చేరేసరికి మామూలు గుడ్డ అయిపోయింది.